పండగ ముందు పనిమంతుడు

రంజాన్ ఆఖరి రోజు మధ్యాహ్నం. కైరోలోని ఆ ఆఫీసులో ఇద్దరే మిగిలారు, ఇహాబ్, మారియాన్.

ఇహాబ్ ఒక పిండిమిల్లుకు కంప్యూటరు ప్రోగ్రాము రాయాలి. అది ముగిస్తేనే పండక్కి సొంతూరు సొహాగ్ వెళ్లనిస్తానన్నాడు మేనేజరు. రైలు సాయంత్రం.

వారం నుంచి పని ఒక్క లైను కూడా కదల్లేదు. మనసెప్పుడో ఊరు చేరిపోయింది. మిల్లువాళ్లు ఎక్కడ అడుగుతారోనని ఫోను కూడా కట్టేశాడు.

"తెర మీద ఆ గీతైనా మిణుకుమంటోంది. నీలో ఆ చలనం కూడా లేదు," అంది మారియాన్.

"గొంతులో నీటిచుక్క లేదు. బుర్రలోంచి కోడు ఎక్కణ్ణించి ఊరుతుంది?"

"హనా ఏమంటోంది?"

"ఈ పండక్కీ రాకపోతే నిశ్చితార్థం ఉంగరం తిప్పి పంపేస్తుందట."

"మరింకేం, రాయి!"

"రాస్తాలే. కాస్త మూడ్ రానీ."

అంతలో తలుపు తోసుకుని ఓ పెద్దాయన వచ్చాడు. నెరిసిన మీసం, పాదాల దాకా తెల్లటి గలాబియా అంగీ.

"మేనేజరు మనిషి! మన మీద నిఘా పెట్టాడు," అని గొణిగి ఇహాబ్ టకటకా మీటలు నొక్కడం మొదలుపెట్టాడు.

"ఇంజనీరు బాబూ, ఒక్క మాట..."

ఇహాబ్ తలెత్తలేదు. అయిదు వేళ్ల కొసలూ ఒకచోట చేర్చి ఆగమన్నట్టు ఊపాడు.

పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఇహాబ్ కొట్టిందే కొట్టాడు. "అబ్బా!" అన్నాడు. నుదురు తుడుచుకున్నాడు. తెర మీద మాత్రం తన పేరే వరసగా పడుతోంది.

"నాయనా, నేనొచ్చింది ఏమిటంటే..."

"ఊపిరి తీసుకోవడానికే తీరిక లేదు పెద్దయ్యా! పండగొచ్చిందని పని పక్కన పడేసే రకం కాదు నేను."

పెద్దాయన కళ్లు చెమర్చాయి. లేచి, గుమ్మం దగ్గర ఫోనులో ఎవరితోనో మాట్లాడి, మారియాన్‌కు రెండు ముక్కలు చెప్పి కారెక్కేశాడు.

"చూశావా? ఎలా బుట్టలో వేశానో! ఇక రైలెక్కడమే," అన్నాడు ఇహాబ్.

మారియాన్ పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"ఆయన మన మేనేజరుతోనే మాట్లాడాడు. ఇంత శ్రద్ధగల కుర్రాణ్ణి పని మధ్యలో లేపడం పాపం, పండగంతా ఇక్కడే పని చేసుకోనివ్వండి, ఎవరూ కదిలించొద్దు అన్నాడు. మేనేజరు సరేనన్నాడు."

"అలా చెప్పడానికి ఆయనెవడు?"

"పిండిమిల్లు యజమాని. నీ ఫోను కలవక, పని పండగయ్యాక చూసుకుందాం, నువ్వు ఊరెళ్లు నాయనా అని నీకు చెప్పిపోదామని వచ్చాడు."