ఉడుత చెప్పని సగం

అడవిలో ఓ నెమలి వానాకాలమంతా కథల్ని ఆటలుగా కట్టి ఆడేది. చూడొచ్చే జనం బరువుకి కొండ మూరెడు కుంగిపోయేదంటే నమ్మండి. దాని కొత్త ఆటకి కథ ఇవ్వాలని చీమ మొదలు ఏనుగు దాకా కాచుక్కూర్చునేవి.

చిట్టెమ్మ అనే ఉడుత దగ్గరా ఓ కథ ఉంది. వాళ్ళమ్మ కథ. మొదట పక్కనుండే నత్తకి చెప్పింది. సగం వినేసరికే నత్త ఏడ్చిన ఏడుపుకి వాగు పొంగింది.

"తర్వాతేమైందే?" అంది నత్త.

"నీకు చెబితే ఏమొస్తుంది పిన్నీ? నెమలి నీకేమైనా తెలుసా?" అని ఉడుత తుర్రుమంది.

నెమలి చుట్టూ తిరిగేవాళ్ళ చుట్టూ తిరిగింది. "అమ్మ ఎందుకు? ఓ కాకిని వీరుడిగా పెట్టు" అంది కాకి. పెట్టింది. "ఏడుపు తీసేసి కొట్లాట పెట్టు" అంది తొండ. అదీ పెట్టింది. అలా వెయ్యిన్నొక్క గుమ్మాలెక్కి, వెయ్యిన్నొక్కసార్లు మార్చి, చివరికి నెమలి ముందు కూర్చుంది.

నెమలి విని ఆవులించింది. "ఇలాంటివి రోజుకి నూరు వింటున్నానమ్మా. నీ సొంతది ఏదైనా ఉంటే చెప్పు."

ఉడుత నోరు తెరిచింది. కాకీ కొట్లాటా తప్ప ఏమీ గుర్తు రాలేదు.

పరుగున నత్త దగ్గరికొచ్చింది. "పిన్నీ, మా అమ్మ కథ గుర్తుందా?"

"ఒక్క మాట పోలేదు" అంటూ నత్త మొదలుపెట్టింది. చెట్టు తొర్ర, ముసురు వాన, అమ్మ దాచిన చివరి గింజ దాకా చెప్పి ఆగిపోయింది.

"తర్వాత?" అంది ఉడుత.

"అక్కడే కదే నువ్వు వెళ్ళిపోయావు."