కొత్త పూత

సెన్యో గొడ్డలి పట్టుకుని వెనక దారిన పెరట్లోకి వచ్చేసరికి అతని అక్క అక్పేనె చేపలు నిల్వ ఉండేలా వాటికి పొగ పెడుతోంది. కొత్తగా మట్టి పూసిన పొయ్యి అతని కంటబడింది.

కట్టె పెద్దగా అక్కర్లేని తక్కువ పొగ పొయ్యిలు వచ్చాక కేటా తీరంలో సెన్యో మడ అడవిలో నరికి అమ్మే మడకట్టె అడిగేవాళ్ళు లేరు. పాత పొయ్యిల పొగే ఎండలు పెంచి సముద్రాన్ని ఊరి మీదికి తెస్తోందని కొత్త పొయ్యిల ప్రాజెక్టు వాళ్ళు చెప్పారు. అందరికంటే ముందు కొత్త పొయ్యి కట్టించుకున్నది అక్పేనె. ఆనాటి నుంచి తమ్ముడు ఆమె గడప తొక్కలేదు. అతని కట్టెలు ఇప్పుడు ఒక్క పడవవాడే కొంటున్నాడు.

"పక్కకు జరుగక్కా."

"తాగొచ్చావా? గొడ్డలి దించరా."

"నా పిల్లల నోట్లో మట్టి కొట్టి, ఇక్కడ పొయ్యికి పూసుకుంటున్నావా?"

ఆమె అడ్డం వచ్చింది. అతను గొడ్డలి కామతో ఆమె మొహం మీద కొట్టాడు. పెదవి చిట్లింది. ఆ తర్వాత దెబ్బలన్నీ పొయ్యి మీద పడ్డాయి. గోడ కూలి, చేపల తట్టలు నిప్పుల్లో పడ్డాయి. వాటిని లాగబోయిన ఆమె చేతులు కాలాయి. పక్కింటి ఆడవాళ్ళు చూశారు గానీ ఎవరూ లోపలికి రాలేదు.

పగిలిన పొయ్యిలోంచి మండుతున్న దుంగలు సెన్యో కాళ్ళ దగ్గరికి దొర్లాయి. అవి మడకట్టెలు. చివర అతను గుర్తుగా పెట్టుకునే రెండు గాట్లు ఇంకా కాలలేదు.

"కొత్తది ముందు వసారాలో ఉందిరా," అంది అక్పేనె, రక్తం ఉమ్మి. "ఇది అమ్మ పొయ్యి. ప్రాజెక్టు వాళ్ళు పాతవన్నీ కూలగొట్టమంటే, గుర్తుపట్టకుండా పూత పూసి దాచాను. ఆ పడవవాడు నీ కట్టెలు ఎవరికి తెస్తున్నాడనుకున్నావు?"