ఒక గొంతు తక్కువ

ఉత్తరం చదువుతూనే పుష్పరాణి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"చూశారా! నేను చెప్పలేదూ, మన క్వయర్ పేరు సముద్రాలు దాటుతుందని?"

కలకత్తాలోని ఖిదిర్‌పూర్ తెలుగు చర్చిలో ఇరవై రెండేళ్లుగా పాటలు నడిపిస్తున్న మనిషి ఆమె. పాటంటే నది అవతలి లిలువా తెలుగు చర్చివాళ్లదే అని నలుగురూ అంటుంటే ఇన్నేళ్లూ ఒళ్లు మండిపోయేది. ఇప్పుడు ఏకంగా స్పెయిన్ ఆవిడే పిలిచింది!

స్పెయిన్ గాయని పిలార్ ఒచోవా కలకత్తాలో పాడబోతోంది. ఆఖరి పాటకి తన వెనక నిలబడడానికి ఖిదిర్‌పూర్ తెలుగు చర్చి క్వయరే కావాలట. చిన్నా పెద్దా ఒక్కరిని కూడా వదలకుండా తీసుకురమ్మని ఉత్తరంలో ప్రత్యేకంగా రాశారు.

పుష్పరాణి కూతురు షైనీ ఫోన్‌లో వెతికి చెప్పింది.

"పదిహేడేళ్లకే మొదటి ఆల్బమ్ అంటమ్మా. ఇప్పటికి ఏడు. స్టేడియాలకి స్టేడియాలే నిండిపోతాయంట. అలాంటావిడ మనల్నే ఎందుకు పిలిచింది?"

"ఏటే ఆ ప్రశ్న? మన క్రిస్మస్ పాటలు యూట్యూబులో పెట్టాం కదా. చూసి పడిపోయుంటది!"

ఆ సాయంత్రం ప్రాక్టీసు జరుగుతుంటే దాలమ్మ వచ్చి చర్చి గుమ్మంలో నిలబడింది.

ఓడరేవు డాకులో పనిచేసి రిటైరైన నరసయ్యకి అక్క ఆవిడ. ఏ దేశంలోనో ఎవరిళ్లలోనో చాలాకాలం పని చేసి, ఏడాది కిందట తమ్ముడి దగ్గర చేరింది. అరవై అయిదు దాటాయి. అక్షరం ముక్క రాదు.

"పుష్పమ్మా, నన్ను కూడా ఓ మూల నిలబెట్టమ్మా."

"మళ్లీనా పిన్నీ? క్రిస్మస్‌కీ ఇదే మాట, ఈస్టర్‌కీ ఇదే మాట. ఏటి నీ పట్టు?"

"ఈ ఒక్కపాలికే. మళ్లీ అడగను."

"పాట కాగితం చదవలేవు కదా!"

"ఈ పిల్లలకి మాత్రం తెలుగు సదవడం వచ్చేటమ్మా? ఇంగ్లీసు అచ్చరాల్లో రాసిత్తేనే కదా పాడతన్నారు. నాకు ఒక్కసారి వింటే సాలు, వచ్చేత్తాది."

ఎవరో కిసుక్కున నవ్వారు. షైనీతో సహా సగం క్వయర్ సంగతి అంతే మరి! పుష్పరాణికి కోపం నషాళానికంటింది.

"వాళ్ల గొంతు వేరు, నీ గొంతు వేరు. నీది బొంగురుపోయింది. అంతమందిలో నా పరువు తియ్యకు పిన్నీ."

"అది కాదమ్మా. ఆ పిల్లకి నాను..."

"ఏ పిల్లకి? నాకిప్పుడు టైము లేదు. షైనీ, రెండో చరణం అందుకో!"

దాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది. పుష్పరాణికి ఒక్క క్షణం పాపం అనిపించింది. పాపం అనుకుంటూ కూర్చుంటే క్వయర్ నడుస్తుందా? పాట అందుకుంది.

కార్యక్రమం రోజు పొద్దున్నే నరసయ్య ఎదురొచ్చాడు.

"అక్క ఊరెల్లిపోతందమ్మా, మజ్జానం బండికి. వారం ఆగవే అంటే వినదు. ఈ రోజు ఈ ఊళ్లో ఉండలేనంటది. ఏటైందో ఏటో."

"అలిగుంటది మావయ్యా. నాలుగు రోజులు పోతే అదే చల్లబడతది. తప్పుకో, బస్సు డ్రైవర్ దాదా కేకలేస్తున్నాడు."

మూడింటికి స్టేడియంలో రిహార్సల్. క్వయర్‌లోని పన్నెండుమందీ నీలం చీరల్లో వరసగా నిలబడ్డారు. అంత పెద్ద స్టేజి వాళ్లెవరూ ఎన్నడూ ఎక్కలేదు. పుష్పరాణికి కాలు నేల మీద ఆనడం లేదు. ఈ ఫోటో చూస్తే లిలువావాళ్లకి నిద్ర పడుతుందా!

పిలార్ వచ్చింది. ముప్పై నాలుగేళ్ల మనిషి, మామూలు జీన్స్, హవాయి చెప్పులు. నవ్వుకుంటూ వచ్చి ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది. చివరిదాకా వెళ్లి, వెనక్కి తిరిగి, మళ్లీ మొదటి నుంచీ చూసింది. ఈసారి మొహంలో నవ్వు లేదు.

పుష్పరాణి ఒకడుగు ముందుకేసి, బాగా బట్టీపట్టిన ఇంగ్లీషులో చెప్పింది.

"మేడం, మా క్వయర్ మొత్తం వచ్చింది. ఒక్కరిని కూడా వదల్లేదు."

పిలార్ ఆమె వైపు తిరిగింది.

"ఏటి, మాయమ్మ రానేదా?"

అంత అచ్చమైన శ్రీకాకుళం తెలుగు షైనీకి కూడా రాదు.

"ఎ... ఎవరండీ?"

"దాలమ్మ. ఈ క్వయర్‌లోనే పాడతన్నానని ఫోన్లో సెప్పింది. మా క్వయర్, మా క్వయర్ అని ఒకటే మురిసిపోయింది. ఆయమ్మకి ముందు సెప్పకుండా నా పక్కన నిలబెట్టుకుందామనే మిమ్మల్ని పిలిచాను. ఏదీ?"

పుష్పరాణి గడియారం చూసింది. బండి ఈపాటికి ఖరగ్‌పూర్ దాటేసి ఉంటుంది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"ఆవిడ అబద్ధం ఆడలేదమ్మా. ఎన్నిసార్లు అడిగినా నేనే రానివ్వలేదు. గొంతు బాగాలేదన్నాను."

పిలార్ స్టేజి మెట్ల మీద కూలబడింది.

"నా సిన్నప్పుడు మావాళ్లు కువైట్‌లో ఉండేవారు. అక్కడ మా ఇంట్లో పనికొచ్చింది. నాకు ఈ మాటా పాటా నేర్పింది ఆయమ్మే. పెద్దయ్యాక నా గొంతు పోయి రెండేళ్లు మూగదాన్నయిపోతే, రోజూ ఫోన్లో పాడి పాడి, మళ్లీ నాసేత పాడించింది కూడా ఆయమ్మే."