మొహం తిప్పుకున్న మనిషి

మారక్క ఇచ్చిన నీళ్లను ఆ పెద్దాయన తీసుకోలేదు.

గ్లాసును కాసేపు అలాగే చూశాడు. తర్వాత మొహం అటు తిప్పుకుని, "వద్దులేమ్మా" అన్నాడు.

అంతకు ముందే ఆయన "ఎవురి బిడ్డవమ్మా?" అని అడిగాడు. "కెలవరపల్లి గొర్రెల ఆంజప్ప బిడ్డనప్పా" అని ఆమె చెప్పింది.

జరీ అంచు పంచె, వేలికి ఉంగరం. భూములున్న ఇంటి మనిషని చూస్తేనే తెలుస్తోంది. పెదాలు ఎండి పగిలి ఉన్నాయని, అడక్కుండానే లేచి వెళ్లి వరండాలోని కుండలో ముంచి తెచ్చింది మారక్క.

గొర్రెలోళ్ల పిల్ల ముంచిన నీళ్లు ఈయన గొంతు దిగవన్నమాట, అనుకుంది. ఒళ్లు మండింది. ఆ నీళ్లు ఆయన ఎదురుగానే గటగటా తాగేసి కూర్చుంది.

హోసూరులో ఆ చిన్న ఆసుపత్రికి డయాలసిస్ మెషీన్ వస్తోందని ఊరంతా వింతగా చెప్పుకుంటున్న రోజులవి. ఒంట్లో నెత్తురంతా బయటికి తీసి, కడిగి, మళ్లీ లోపలికి పంపుతుందట. దానికి ఒక నర్సు కావాలన్నారు. ఆ ఇంటర్వ్యూకే మారక్క వచ్చి ఆసుపత్రి వరండాలో బెంచీ మీద, ఆ పెద్దాయన పక్కన కూర్చుంది.

మారక్క నర్సింగు చదువు ముగించి ఏడాది కావొస్తోంది. కృష్ణగిరిలో ఎక్కిన ప్రతి ఆసుపత్రి మెట్టు మీదా ఒకటే మాట, "అనుభవం ఉందా?" ఉద్యోగమే ఇవ్వకపోతే అనుభవం ఎక్కడ దొరుకుతుందో వాళ్లెవరూ చెప్పలేదు. ఇదీ తప్పిపోతే వచ్చే సోమవారం నుంచి ఫ్యాక్టరీలో అట్టపెట్టెలు అంటించే పని. మేనమామ అప్పుడే మాట్లాడి పెట్టాడు.

పెద్దాయన మళ్లీ ఇటు తిరిగాడు.

"ఈ నెత్తురు కడిగే మిషనును ఎప్పుడన్నా చూసినావా?"

"లేదు."

"బయం లేదా?"

"చూస్తే కదా, బయమో కాదో తెలిసేది."

"సూది గుచ్చేటప్పుడు మనిషిని చూస్తావా, నరాన్ని చూస్తావా?"

"నరాన్ని. మనిషి అరిస్తే అప్పుడు మనిషిని."

పెద్దాయన నవ్వాడు. పగిలిన పెదవి నొప్పి పెట్టిందేమో, వెంటనే నవ్వు ఆపేశాడు.

"రోగి మాట వినకపోతే ఏం చేస్తావు?"

ఈయనకెందుకివన్నీ? మారక్కకు అంతు పట్టలేదు. ఓపికా అయిపోయింది.

"నా చేతి నీళ్లు మీకు పనికిరావు. నా మాటలు మాత్రం కావాల్నా?"

పెద్దాయన తెల్లబోయాడు. "అది కాదమ్మా..." అంటుండగానే కాంపౌండరు కదిరప్ప తలుపు తీశాడు.

"రాండప్పా, డాక్టరు పిలస్తా ఉండారు."

ముందు వచ్చి కూర్చున్నది మారక్క. లోపలికి వెళ్లింది ఆయన. పెద్దమనుషులకు వరస ఉండదు కదా. ఆ వెళ్లడం వెళ్లడం తన మీద చెప్పడానికే వెళ్లాడని ఆమెకు గట్టిగా అనిపించింది. నోరు జారినందుకు తనను తానే తిట్టుకుంది. అట్టపెట్టెలే గతి అనుకుంది.

కాసేపటికి ఆమెను పిలిచారు. పెద్దాయన లోపల లేడు, ఇంకో తలుపున వెళ్లిపోయినట్టున్నాడు.

డాక్టరు సర్టిఫికెట్లు తిప్పి చూసి పక్కన పెట్టాడు.

"వేలూరులో నెల రోజులు ట్రైనింగు. పోతావా?"

"పోతాను సార్." కాస్త ఆగి, "నన్నేమీ అడగరా సార్?" అంది.

"అన్నీ అయిపోయినాయిలే" అన్నాడు డాక్టరు.

ఏమి అయిపోయాయో, ఎప్పుడు అయిపోయాయో ఆమెకు అర్థం కాలేదు. ఉద్యోగం వచ్చిన సంతోషంలో అడగనూ లేదు.

వేలూరులో మెషీన్ పక్కన ఒక రోగి పడుకుని ఉన్నాడు. ఎవరో నీళ్ల గ్లాసుతో గదిలోకి వచ్చారు. ఆ రోగి గ్లాసును కాసేపు చూసి, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

మారక్క చేతిలో పని ఆగిపోయింది.

"ఎందుకక్కా అట్ల తిప్పుకున్నాడు?" అని అక్కడి సిస్టరును అడిగింది.

"పుస్తకంలో చదవలేదా? కిడ్నీ చెడినవాళ్లు దాహం తీరేదాకా నీళ్లు తాగకూడదు. గ్లాసు కళ్లబడితే ఆగలేరు, అందుకే చూడరు."

పుస్తకంలో చదివింది. పరీక్షలో రాసింది కూడా. వరండాలో మనిషి ఎదురుగా కూర్చుంటే మాత్రం కనిపెట్టలేకపోయింది. పైగా ఆయన చూస్తుండగానే గటగటా తాగింది. సిగ్గుతో ఆమెకు ఏడుపొచ్చింది.

నెల ముగిశాక హోసూరు బస్సులో దారంతా ఆ పెద్దాయనతో ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంది.

ఆసుపత్రిలో మెషీన్ దిగింది. కొత్త మంచం, కొత్త దుప్పటి. కదిరప్ప నేల తుడిపిస్తున్నాడు.

"అన్నా, ఆ పొద్దు నాకంటే ముందు లోపలికి పోయినాడే పెద్దాయన, ఆయన ఈడికే వస్తాడా?"

"చెన్నకేశవప్పనా?" కదిరప్ప గొంతు తగ్గింది. "బెంగుళూరులో మిషనుకు వరస దొరకలేదమ్మా. ఈడ మిషను వస్తుందని కాచుకోనుండె. అది వచ్చేలోగానే పోయినాడు. మొన్ననే."

మారక్క నేరుగా డాక్టరు గది గుమ్మంలోకి వెళ్లింది.

"సార్, ఆ చెన్నకేశవప్పను నేనొక మాట అనేసినాను."

"తెలుసు. నాతో చెప్పినాడు."

"కోపం చేసుకున్నాడా సార్?"

"లేదు. 'అడక్కుండానే నా పెదాలు చూసింది. నేను మొండికేస్తే తిట్టి దోవకు తెస్తుంది. ఈ బిడ్డే కావాల' అన్నాడు."

మారక్క గుమ్మం వదిలి లోపలికి వచ్చింది.

"'సూది దిగేది నా చేతికి, నర్సును నేనే చూసుకుంటా' అని పట్టుబట్టి, వచ్చిన ప్రతి పిల్ల పక్కనా ఆ బెంచీ మీద కూర్చున్నాడు" అన్నాడు డాక్టరు. "నీ ఇంటర్వ్యూ చేసింది నేను కాదమ్మా, ఆయన."