నాయిన గొంగడికి పూత

ఉన్ని బట్టలన్నింటికీ నానోపూత తప్పనిసరి అయ్యాక మా మండలంలో ఎండకు వెలిసే కంబళి లేకుండా పోయింది. ఆ పూత కొట్టే కేంద్రంలోనే నా ఉద్యోగం. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. చదివించింది నాయిన గొర్రెలు.

నాయిన పొద్దున మందను ఉత్తరానికి తోలి, సాయంత్రం తిరిగొచ్చేవాడు. రెండు పూటలా ఎండ కుడి వైపే. అందుకే ఆయన నల్ల గొంగడి కుడి భుజం దగ్గర ఎర్రబారింది. నిన్న తనిఖీ అధికారి రమాకాంత్ గారు ఆ గొంగడితో సహా అమ్మను కేంద్రానికి పిలిపించారు.

"పూత వేయించండి, లేదా మ్యూజియానికి ఇవ్వండి. పూత వేస్తే మీ ఆయన గుర్తు ఎప్పటికీ ఇట్లాగే ఉంటుందమ్మా."

"మ్యూజియంల గొర్లు గాస్తరా సారూ?" అంది అమ్మ. "ఆయన పోయినంక నా బిడ్డ కప్పుకోవాలె. గది మా ఆచారం. నా బిడ్డ తిరిగే ఎండ గూడ ఈ గొంగడి మీద పడాలె."

రమాకాంత్ గారు నావైపు తిరిగారు. "చదువుకున్నదానివి. నువ్వైనా మిషన్ ఆన్ చెయ్."

"పూత మంచిదే సార్. దీనికి మాత్రం వెయ్యను."

"ఉద్యోగం పోతుంది."

"గొర్లున్నయి సార్."

చేతిలోని పూత కొట్టే గొట్టం పక్కన పెట్టి, గొంగడి కప్పుకుని బయటికి వచ్చాను. నాకు ఎండదెబ్బ తగులుతుందని అమ్మకు అప్పటికే భయం పట్టుకుంది.

"ఎండ మండుతున్నది బిడ్డా. గా చెట్ల కిందికెళ్లి పోదాం పా."

"వద్దమ్మా, ఎండలనే పోదాం," అన్నాను.