పన్నుకి టోపీ

“మీ పన్నుకి టోపీ పెట్టక్కర్లేదండీ,” అంది పళ్ల డాక్టరమ్మ. “విరిగిన మేరకే ముక్క చేయించాను. ఆన్‌లే అంటారు. అతికిస్తే సరి.”

కుర్చీలో ఉన్నది పన్నుల ఆఫీసరు.

“ఈయనుండగా పన్నుకి టోపీ పెట్టే ధైర్యం ఎవరికుంది లెండి,” అని పక్కనున్న భార్య కిసుక్కున నవ్వింది.

ఆయన మూతి బిగించాడు. పదేళ్ల కాపురంలో ఆమె జోకులకి ఆ మూతి ఏనాడూ విచ్చుకోలేదు. జోకు అర్థంకాని మొద్దు మనిషని ఆమె ఎప్పుడో తీర్మానించుకుంది.

ముక్క అతికాక ఆయన అద్దంలో చూసుకున్నాడు. నాలుకతో తడిమాడు. ఉన్నట్టుండి పళ్లన్నీ కనపడేలా, కడుపు పట్టుకుని పకపకా నవ్వాడు.

“ఇప్పటికి అర్థమైందా నా జోకు?”

“దాని వంతు ఇంకా రాలేదే,” అన్నాడాయన కళ్లు తుడుచుకుంటూ. “విరిగిన పన్ను కనపడుతుందని ఆపుకున్న బకాయిలు చాలా ఉన్నాయి. ఈ నవ్వు, పెళ్లయిన మర్నాడు నువ్వు చెప్పినదానికి.”