ఎదురు దీవి పొగ

రెండు చిన్న దీవుల్లో ఏది ఎక్కువ వంటచెరకు కాలుస్తోందో పోల్చి చూసే ఉద్యోగం సర్వే అమ్మాయిది. ఈ దీవిలో మొదటి ఇంట్లోనే ఆమె బిత్తరపోయింది. గ్యాస్ స్టవ్వు మీద అన్నం ఉడుకుతోంది. పక్కనే ఉన్న మట్టిపొయ్యి మీద గిన్నె కూడా లేదు, పచ్చికట్టెలు మాత్రం గుప్పుగుప్పున పొగ కక్కుతున్నాయి.

“ఇదెందుకండీ పిన్నిగారూ?”

“ఎదురు దీవిలో రేవు పక్కింట్లో మా ఆడపడుచు ఉందమ్మా,” ఇంటావిడ కళ్ళు తుడుచుకుంది. “ఇక్కడ పొగ కనపడకపోతే నాకేదో అయిందని పడవెక్కి వచ్చేస్తుంది. వచ్చిందంటే నా వంటకు వంకలు పెడుతూ నెల్లాళ్ళయినా కదలదు. ఆవిడ పోరు కన్నా ఈ పొగే నయం.”

సర్వే అమ్మాయి నవ్వేసింది. “ఆ రేవు పక్కింటావిడేనా? నిన్ననే కలిశానండీ. వాళ్ళింట్లోనూ గ్యాస్ ఉంది, అయినా కట్టెలు కాలుస్తున్నారు. ఎంతో నచ్చజెప్పాక, ఇవాళ్టి నుంచి మానేస్తానన్నారు.”

ఇంటావిడ గబుక్కున కిటికీ దగ్గరికి పోయింది. నీళ్ళకవతల ఆకాశం తేటగా ఉంది. ఆవిడ ముఖం పాలిపోయింది. ఓ చీర తీసి సంచిలో కుక్కుకుంది.

“ఆవిడ నిక్షేపంలా ఉన్నారండీ, నేను చూశాగా!”

“నువ్వు చూస్తే సరిపోతుందా? నేను చూసుకోవద్దూ?” చెప్పులేసుకుంటూ కసిరింది ఇంటావిడ. “నేనొచ్చేదాకా ఆ పొయ్యి ఆరనివ్వకు. ఇక్కడ పొగ ఆగిందంటే ఆవిడ అటునుంచి బయల్దేరుతుంది. నడిసముద్రంలో ఒకళ్ళనొకళ్ళం దాటిపోతాం.”

సర్వే అమ్మాయి చేసేది లేక ఊదుగొట్టం అందుకుంది.